కోళ్ళగూట్లో దొరికిన బావురు పిల్లి

రేపల్లె ఎందుకు వెళ్ళావని అడిగిన వాళ్ళందరికీ పిల్లి కోసమని చెప్పాను. అందరూ నవ్వారు. మా అమ్మయితే, "రాజంపేటలో పిల్లులు లేవనా రైలెక్కి పోయినావు?" అంది. ఇది డెబ్బైలు మొదలైన కొత్తల్లో మాట. ఇప్పుడంటే నక్కలూ, నీటికుక్కలూ, అడవి పిల్లులూ ఏం తింటాయో, ఎక్కడ పిల్లల్ని పెడతాయో కనిపెట్టడమే నా ఉద్యోగం. అప్పటికి మాత్రం తిరుపతిలో రీసెర్చిలో చేరి రెండేళ్ళు దాటినా చూపించుకోవడానికి చేతిలో ఏమీ లేని మనిషిని.

నేను వెతుకుతూ వెళ్ళింది బావురు పిల్లిని. ఇంటి పిల్లికి రెండింతలుంటుంది. కురచ తోక, ఒంటిమీద వరసగా నల్ల చుక్కలు. నీళ్ళలోకి దిగి చేపలు పట్టుకు తింటుంది. కృష్ణ సముద్రంలో కలిసేచోట, మడ అడవుల్లో అది ఉందని ఇద్దరు ముగ్గురు చెప్పగా విని, ఉత్సాహం పట్టలేక ఒక వ్యాసం రాసిపారేశాను. మా ప్రొఫెసర్ గారు దాన్ని తిప్పి నా చేతిలో పెట్టారు. ఆయనకు కోపం వస్తే గొంతు పెంచరు, కళ్ళజోడు తీసి తుడుచుకుంటారు. ఆ రోజు చాలాసేపు తుడిచారు.

"వాళ్ళు చూసింది జంగు పిల్లి అయ్యుంటుందమ్మా. పొలాల్లో ఎలకల కోసం తిరిగే మామూలు అడవి పిల్లి. ఎవరో చెప్పిన మాట సైన్సు కాదు. అడుగు అచ్చు తీసుకురా, చూద్దాం. నెలాఖరుకు కమిటీ కూర్చుంటుంది. అప్పటికి తేలేకపోతే చెరుకు పురుగుల మీద పనిచేద్దువుగాని."

చెరుకు పురుగులతో నాకు పగేమీ లేదు. కానీ చిన్నప్పుడు మా ఊరి కొండమీద చిరుతపులి అడుగు చూసి, దాని పక్కన నా చెయ్యి పెట్టి కొలుచుకున్న రోజు నుంచీ నాకు వేరే ధ్యాస లేదు. చెరుకు తోటలో కూర్చుని బతుకంతా పురుగులు లెక్కపెట్టడమన్న మాట తలుచుకుంటేనే అన్నం సయించలేదు. ఎనిమిది రోజులు సెలవు పెట్టాను. మద్రాసు నుంచి ఐదు కిలోల ప్లాస్టర్ ఆఫ్ పారిస్ తెప్పించాను. విరిగిన చేతికి కట్టు వేసే పొడే అది. నీళ్ళలో కలిపి బురదలోని అడుగులో పోస్తే పావుగంటలో రాయిలా గట్టిపడుతుంది. ఎత్తి కడిగితే పాదం పాదమంతా చేతిలోకి వస్తుంది. ఆ పొడిని గుడ్డసంచిలో మూటకట్టి, పసిపిల్లని మోసినట్టు ఒళ్ళో పెట్టుకుని రైలెక్కాను.

బాపట్ల

బాపట్లలో నా రూమ్మేటు సుశీల వాళ్ళ ఇల్లుంది. సుశీల రాలేదు. వాళ్ళమ్మగారు ఒక్కరే స్టేషనుకొచ్చారు, నన్ను చూడకముందే నా సంచిని చూసి, "ఏంటమ్మాయ్ అంత బరువు, బియ్యం తెచ్చుకున్నావా? మా ఇంట్లో లేవనుకున్నావా?" అన్నారు. అప్పటినుంచీ ఆవిడ నాకు పిన్నిగారు.

మా వైపు నీళ్ళు తోడుకోవడానికి పోతే సగం పొద్దు పోతుంది. ఇక్కడ నీళ్ళు మనిషి వెంట పడతాయి. రోడ్డు పక్కన కాలవ, కాలవ పక్కన ఇంకో కాలవ. భోజనానికి కూర్చుంటే మొదట పప్పూ నెయ్యీ, తర్వాత గోంగూర, ఆ తర్వాత చేపల పులుసు. చాలని చెయ్యి అడ్డం పెడితే చేతిమీదే వడ్డించారు పిన్నిగారు. సంకటి ముద్ద తిని గంట నడిచే దాన్ని, ఆ అన్నం తిని గంట పడుకున్నాను.

మర్నాడు బస్సులో పిట్టలవానిపాలెం వెళ్ళాను. వరి కోసేసిన చేలల్లో గట్లు తడిగానే ఉన్నాయి. ఒక పెద్దాయన మినపచేను చూసుకోవడానికి వచ్చి, గట్టు మీద బోర్లా పడుకుని ఉన్న నన్ను చూసి ఆగిపోయాడు.

"ఏం పోగొట్టుకున్నావమ్మా?"

"ఏం లేదండీ. పిల్లి అడుగు చూస్తున్నాను."

"పిల్లి అడుగా? మంచిది," అని కాసేపు ఆలోచించి, "ఎవరింటి పిల్లి అమ్మా?" అని అడిగాడు. జంగు పిల్లి అని చెప్పాను. "అదా. దాని పుణ్యమాని ఎలకలు తగ్గినయ్యి. ఉండనీ," అని తన దారిన తాను పోయాడు.

ఆ అడుగులో కొంచెం ప్లాస్టర్ పోసి చూశాను. చక్కగా వచ్చింది. గుండ్రంగా, చిన్నగా, గోళ్ళ గుర్తు లేకుండా. జంగు పిల్లి నడిచేటప్పుడు గోళ్ళు లోపలికి ముడుచుకుంటుంది. బావురు పిల్లి గోళ్ళు పూర్తిగా ముడుచుకోవు, పైగా వేళ్ళ మధ్య బాతుకున్నట్టు పల్చటి చర్మం ఉంటుంది. ఇక బావురు పిల్లి అడుగొక్కటి దొరికితే చాలు, రెండూ పక్కపక్కన పెట్టి ప్రొఫెసర్ గారి నోరు మూయించొచ్చు. ఈల వేసుకుంటూ బస్సెక్కాను. సంచి వసారాలో మంచం కింద పెట్టి పడుకున్నాను.

వీధి నిండా ముగ్గులు

తెల్లారి లేచి వాకిట్లోకి వస్తే కళ్ళు చెదిరాయి. పేడ కళ్ళాపి చల్లిన నేల మీద గుమ్మం నుంచి వీధి దాకా పద్మాల ముగ్గు. శుక్రవారం కదా అని గడప దగ్గర ఇంట్లోకి వస్తున్నట్టు రెండు చిన్న పాదాలు కూడా వేశారు, లక్ష్మీదేవి పాదాలు. ఎంత తెల్లగా ఉందో ఆ ముగ్గు. బాగుందండీ పిన్నిగారూ అని నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది. వెనక్కి పరిగెత్తి మంచం కింద చూశాను. సంచి ఖాళీ. పక్కన విడిగా పెట్టిన జంగు పిల్లి అచ్చు ఒక్కటే మిగిలింది.

"నువ్వు తెచ్చిన ముగ్గే కదమ్మాయ్," అన్నారు పిన్నిగారు మురిసిపోతూ. "నిన్న చెయ్యి పెట్టి చూశాను. ఎంత మెత్తగా ఉందో. మీ వైపు ముగ్గు ఇంత బాగుంటుందని నాకు తెలీదు సుమా. ఇలాంటిది మళ్ళీ దొరకదని వీధిలో అందరికీ తలా కాస్త పంచాను."

వీధిలోకి చూశాను. ఎనిమిదిళ్ళ ముందు ఎనిమిది ముగ్గులు, తడి నేల మీద హాయిగా గట్టిపడుతున్నాయి. నాకు ఒళ్ళు మండింది. మండినా ఎవర్ని అనను?  విషయం చెప్పేసరికి పాపం పిన్నిగారే చీపురు తీసుకుని బయటికి పరిగెత్తారు. చీపురు పుల్లలు విరిగాయి గానీ ముగ్గు కదల్లేదు.

"ఇప్పుడెలాగమ్మా?" అన్నారు, కళ్ళనీళ్ళు తిరిగాయి ఆవిడకి.

"తెనాల్లో దొరుకుతుందిలెండి," అన్నాను. నాకే నమ్మకం లేదు.

తెనాలి

తెనాలి స్టేషను బయట జట్కావాడు అర్ధరూపాయి అడిగాడు. నాలుగు మందుల షాపులూ, రెండు ఆస్పత్రులూ తిప్పాడు. షాపులవాళ్ళు తెప్పించడానికి వారం పడుతుందన్నారు. చివరి ఆస్పత్రిలో కాంపౌండరు నా మాట శ్రద్ధగా విని, "ఉన్నదల్లా ఇద్దరు పేషెంట్లకి సరిపోద్దమ్మా. మీకు కావాలంటే మీరే ఏ చెయ్యో విరగ్గొట్టుకుని రావాలి," అన్నాడు. నవ్వించాలనే అన్నాడు. నేను నిజంగానే ఎడమ చెయ్యి వైపు చూసుకున్నాను.

హోటల్లో ఇడ్లీ తిన్నాను. కారప్పొడిలో గుంట చేసి నెయ్యి పోసి తెచ్చారు. కాఫీ ఇరవై పైసలు, మా వైపు కంటే ఐదు పైసలెక్కువ, కానీ చిక్కదనం అలాంటిది. తెనాలి వాళ్ళకి పక్కవాడి కష్టం పరాయిది కాదు. సర్వరు నా ముఖం చూసి ఏంటమ్మా సంగతి అని అడిగాడు. చెప్పడం నా తప్పు. పావుగంటలో హోటలంతా నా పిల్లి గురించి రెండు పార్టీలుగా విడిపోయింది. అసలు అలాంటి పిల్లే లేదని ఒక పార్టీ, చూశామని ఇంకో పార్టీ. చివరికి గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాయన తీర్పు చెప్పాడు: "మైనంతో పొయ్యండమ్మా. కంసాలి వాళ్ళు అచ్చులు మైనంతోనేగా తీస్తారు."

ప్రాణం లేచొచ్చింది. రెండు డజన్ల కొవ్వొత్తులు కొనుక్కుని రేపల్లె బండెక్కాను.

రేపల్లె

తెనాలి నుంచి రేపల్లె బండి తొందరపడదు. ప్రతి ఊళ్ళోనూ ఆగుతుంది, ఎవరైనా దూరంనుంచి కేకేస్తే ఇంకాస్త ఆగుతుంది. సత్రంలో దిగి, పడవ మనిషి కోసం వాకబు చేస్తే సుబ్బారాయుడిని చూపించారు. నలభై ఏళ్ళుంటాయి, తక్కువ మాటల మనిషి. పగలు మడ అడవి పాయల్లో వల కట్టుకుని బతుకుతాడు. బావురు పిల్లి సంగతి అడిగితే, "ఉందమ్మా. వలలో చేపలు దొంగతనం చేసేది అదే," అన్నాడు మామూలుగా, పక్కింటివాడి గురించి చెప్పినట్టు.

రెండు రోజులు తిప్పాడు. మడ అడవి నేను చూసిన అడవి లాంటిది కాదు. చెట్ల వేళ్ళు బురదలోంచి పైకి మొలుచుకొచ్చి ఉంటాయి, ఊపిరి పీల్చుకోవడానికట. పోటు వస్తే అడవి సగం మునుగుతుంది, పాటు తీస్తే మోకాలి లోతు బురద తేలుతుంది. మొదటిరోజు ఆ బురదలో నా చెప్పు ఒకటి పోయింది. అది ఇప్పటికీ అక్కడే ఉండాలి. మధ్యాహ్నం సుబ్బారాయుడు పడవలోనే పొయ్యి పెట్టి రొయ్యలు వేయించి అన్నం పెట్టాడు. అంత రుచిగా నేనెప్పుడూ తినలేదని చెబితే, "ఆకలండి," అన్నాడు.

రెండోరోజు పాటుకి నీళ్ళు తగ్గిన గంటకి, వల కట్టిన గుంజ పక్కనే కనిపించింది అడుగు. నాలుగు వేళ్ళు, వేళ్ళ ముందు సూది గుచ్చినట్టు గోళ్ళ గుర్తులు, వేళ్ళ మధ్య చర్మం ఆనిన పల్చటి గీత. పుస్తకంలో బొమ్మ కూడా అంత స్పష్టంగా ఉండదు. కొవ్వొత్తులు కరిగించి పోశాను. చల్లారాక ఎత్తాను. అడుగు భాగమంతా బురదలోనే ఉండిపోయి, నా చేతిలోకి మైనం ముక్కలు వచ్చాయి. మళ్ళీ కరిగించేలోగా పోటు మొదలైంది. నీళ్ళు నెమ్మదిగా వచ్చి అడుగు మీద నిలిచాయి, అంతే.

పడవ అంచున కూర్చుని ఏడ్చేశాను. దాచుకోవడమెందుకు, బాగా ఏడ్చాను. ఉన్నది ఇంకొక్క రోజు. చెరుకు పురుగులు కళ్ళముందు కదిలాయి. సుబ్బారాయుడు తెడ్డు పక్కనపెట్టాడు.

"మీకు కావాల్సింది పిల్లాండి, దాని అడుగాండి?" అన్నాడు.

"అడుగే. గట్టిగా, చేతికొచ్చేది."

"ఆ మాట ముందే చెప్పొచ్చుగాండి. పిల్లి పిల్లి అంటుంటే పిల్లి కావాలనుకున్నా. అడుగులైతే మా బావ కోటయ్య బట్టీ కాడ బోలెడున్నయ్యి. బండెడున్నయ్యి."

కోటయ్య బట్టీ

మర్నాడు తెల్లారగానే వెళ్ళాం. రేపల్లెకి కొంచెం దూరంలో, పెద్ద మురుగు కాలవ గట్టున కోటయ్య ఇటుక బట్టీ. మంచినీటి ఒండ్రుతో ఇటుకలు కోసి, నేల మీద వరసగా ఆరబెట్టి, ఊకతో కాలుస్తారు. మా రాజంపేట వైపు గోడలన్నీ రాతివే. ఇటుక కోయడం నేనెప్పుడూ చూసిన దాన్ని కాను. అందుకే ఇంతకాలం నా బుర్రకి తట్టని విషయం కోటయ్య ఒక్క ముక్కలో చెప్పాడు.

"పచ్చి ఇటుకలు వాకిట్లో పరుస్తామా, తెల్లారేసరికి ఏదో ఒకటి తొక్కుద్దమ్మా. కాలవలో చేపలకి వస్తయ్యి కదా. తొక్కిన ఇటుక పారెయ్యలేం, అన్నిటితోపాటు కాలుస్తాం. కానీ మేస్త్రీలు ముట్టుకోరు. అడుగున్న ఇటుక గోడలో పెడితే ఆ ఇంటో లక్ష్మి నిలవదంట, నడిచి పోద్దంట. అందుకని ఏరి పక్కన పడేస్తాం."

"ఎక్కడ?"

గుడిసె వెనక్కి తీసుకెళ్ళాడు. నా అంత ఎత్తున ఇటుకల కుప్ప. కుప్ప పక్కన అదే ఇటుకలతో కట్టిన స్నానాల బండ. ఆ పక్కన కోళ్ళగూడు.

పైనున్న ఇటుక తీసి చూశాను. కుక్క. రెండోది నక్క. తర్వాతది నీటికుక్క, ఐదు వేళ్ళతో సహా.  ప్లాస్టర్ మూటలు మోసుకుని ఏ దేశంలో ఎవరూ పోగుచెయ్యలేనన్ని అడుగులు, నిప్పుల్లో కాలి గట్టిపడి, పనికిరానివని గుడిసె వెనక పడి ఉన్నాయి. మన్ను తిన్న పిల్లలాగా నోరు తెరుచుకుని నిలబడ్డాను.

పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఏరాను. కోటయ్య భార్య నాంచారమ్మ నీళ్ళు పోస్తుంటే నేను కొబ్బరిపీచుతో కడిగాను. ప్రతి ఇటుక మీదా కోటయ్య సొంత ముద్ర ఉంది, "కో" అన్న అక్షరం. దాని పక్కన గీతలు. అవేంటని అడిగితే, "ఏడాదికో గీత చెక్కుతా అచ్చులో. ఏ సీజను ఇటుక ఏదో తెలియాలిగా," అన్నాడు. అన్నిటికంటే పాత ఇటుకల మీద ఒక గీత, ఆ ఏటి వాటి మీద ఆరు.  ఊరూ ఉంది, ఏడాదీ ఉంది, అడుగూ ఉంది, ఒకే ఇటుక మీద.

జంగు పిల్లులు పదమూడు దొరికాయి. బావురు పిల్లివి మూడు, కానీ మూడూ అరకొరవే. ఒకదానికి వేళ్ళు లేవు, ఒకటి పగిలింది, ఇంకొకటి పిల్లి జారినట్టు సాగిపోయింది. సాయంత్రం బండికి నేను వెళ్ళాలి. కమిటీ ముందు అరకొర అడుగు పెడితే ప్రొఫెసర్ గారు కళ్ళజోడు తుడుచుకుంటారు.

అప్పుడు నాంచారమ్మ, నావైపు చూడకుండా, కొంచెం బెరుకుగా అంది: "మంచిది ఒకటుంది తల్లీ. గూట్లో."

కోళ్ళగూటి గోడలో కింది వరసలో, లోపలి వైపు ముఖంగా ఉంది ఆ ఇటుక. నేల మీద పడుకుని తొంగి చూశాను. ముందు కాలి అడుగు, నిండుగా. గోళ్ళు, వేళ్ళు, మధ్య చర్మం గీత, పక్కనే "కో", ఐదు గీతలు. ఆ ఇటుకకి ఆనుకుని ఒక ఎర్ర కోడి పొదుగుతూ కూర్చుని నావైపు కోపంగా చూస్తోంది.

"పదకొండు గుడ్లు," అంది నాంచారమ్మ. "ఇవ్వాళో రేపో పిల్లలు దిగుతయ్యి. ఇప్పుడు గూడు కదిపితే కోడి బెదిరి లేచిపోద్ది, గుడ్లన్నీ పాడైపోతయ్యి. నాలుగు రోజులాగు."

"నాకు నాలుగు గంటలు కూడా లేవమ్మా."

నేను బతిమాలలేదు. ఆవిడ పదకొండు పిల్లల కోసం చూస్తోంది, నేను నా పిల్లి కోసం చూస్తున్నాను. ఎవరి తపన వాళ్ళది. సుబ్బారాయుడు గూటి ముందు గొంతుక్కూర్చుని, "గూడు మొత్తం కదపడమెందుకక్కా? బురద అతుకే కదా. ఒక్క ఇటుక లాగి ఇంకోటి తోస్తే సరి," అన్నాడు. నాంచారమ్మ మొగుడి వైపు చూసింది. కోటయ్య వెళ్ళి తాపీ తెచ్చాడు.

ఆ అరగంటలాంటి అరగంట నా జీవితంలో మళ్ళీ రాలేదు. నాంచారమ్మ లోపలికి చెయ్యి పెట్టి కోడి వీపు మీద ఉంచి, పసిపిల్లకి చెప్పినట్టు ఏదో గొణుగుతూ కూర్చుంది. కోటయ్య బయటి నుంచి అతుకు మట్టి చెంచాడు చెంచాడు తీశాడు. ఇటుక వేలెడు కదిలితే కోడి క్రో అంది. అందరం ఆగాం. మళ్ళీ వేలెడు. పాత ఇటుక బయటికొస్తున్న కొద్దీ సుబ్బారాయుడు పక్కనుంచి కొత్తది తోస్తూ వచ్చాడు. కోడి లేవలేదు. ఇటుక నా ఒళ్ళోకొచ్చింది. నాలుగుచోట్ల కోడి రెట్టలున్నాయి, అయినా ముద్దుపెట్టుకున్నాను.

ఎంతివ్వమంటారని అడిగితే కోటయ్యకు నవ్వొచ్చింది. "మేస్త్రీ ముట్టని ఇటుకకి డబ్బులేంటమ్మా? ఆ రెట్ట కడుక్కుని పట్టుకెళ్ళండి."

తిరుపతి, కమిటీ గది

రైల్లో ఎదురు సీటావిడ, "ఇల్లు కడుతున్నారా?" అని అడిగింది. ఒక్క ఇటుకతోనే మొదలుపెట్టానని చెప్పాను.

కమిటీలో నలుగురు పెద్దలు, మధ్యలో మా ప్రొఫెసర్ గారు. ఇటుక బల్ల మీద పెట్టాను. పక్కన పిట్టలవానిపాలెం జంగు పిల్లి అచ్చు పెట్టాను.

"మిగతా ప్లాస్టర్ అచ్చులు ఏవమ్మా?" అన్నారాయన.

"బాపట్లలో ఎనిమిదిళ్ళ ముందు ముగ్గులై ఉన్నాయండి."

ఎవరూ నవ్వలేదు. ఆయన ఇటుక దగ్గరికి లాక్కున్నారు. కళ్ళజోడు తీశారు.  తుడవకుండానే పెట్టుకున్నారు, చూపుడువేలు తీసుకెళ్ళి గోళ్ళ గుర్తుల్లో ఒక్కొక్కదాన్నే తాకారు. వేళ్ళ మధ్య గీత మీద గోటితో గీసి చూశారు.

"ఇది అక్కడిదేనని ఏంటి రుజువు?"

"ఆ 'కో' అన్నది బట్టీ ముద్రండి. రేపల్లె దగ్గర కోటయ్యది. గీతలు ఏడాదివి. అది పచ్చిగా ఉన్నప్పుడు పడ్డ అడుగు. కాలిన తర్వాత ఎవరూ వెయ్యలేరు."

 ఆయన గొంతు మారింది.

"ఇలాంటివి ఎన్నున్నాయమ్మా అక్కడ?"

"ఒక కుప్పండీ. నా అంత ఎత్తు. ఆరేళ్ళవి."

"మరి ఇక్కడేం చేస్తున్నావు?" అన్నారు. నా కాగితం తీసుకుని "చెరుకు పురుగులు" అని పెన్సిలుతో రాసుకున్నచోట అడ్డంగా కొట్టేసి సంతకం పెట్టారు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఈసారి సంతోషంతో ఏడ్చాను.

అదే రోజు రెండు కార్డులు రాశాను. ఒకటి పిన్నిగారికి. ఆవిడ జవాబులో వీధిలో ముగ్గులు ఇంకా పోలేదనీ, రోజూ కొత్తగా వేసే పని తప్పిందని అందరూ నన్ను తలుచుకుంటున్నారనీ రాశారు. రెండోది కోటయ్యకి: "మీ పిల్లి గెలిచింది. వచ్చే నెల వస్తున్నాను. ఆ కుప్పలో ఒక్క ఇటుక కూడా ఎవరికీ ఇవ్వొద్దు."

పది రోజులకి జవాబొచ్చింది. అక్షరాలు ఎవరివో, మాటలు మాత్రం కోటయ్యవి.

"అమ్మాయిగారికి. కోడిపిల్లలు పదకొండూ క్షేమం. కుప్పలో ఇటుకలు ఎవరికీ ఇవ్వలేదు. ఒక్కటి మాత్రం మేమే వాడుకున్నాం, మీరేమీ అనుకోవద్దు. గుడిసె తీసేసి ఇల్లు కడుతున్నాం. గడప ముందు మెట్టులో మీరు వదిలేసిన బావురు పిల్లి ఇటుకల్లో ఒకటి పెట్టాను. అడుగు లోపలికి వస్తున్నట్టు పెట్టమంది మా నాంచారమ్మ."